ఓటడిగితే మనమూ ఒక మాట అడుగుదాం

పావుకిలో వంకాయలు కొనేటప్పుడు కాంటా మీద ఒక కన్ను, కాయల మీద ఒక కన్ను వేసి ఉంచుతాం. పుచ్చు కనపడితే పక్కకు తీస్తాం. అంత జాగ్రత్త గల మనమే ఐదేళ్లకొకసారి వేసే ఓటు దగ్గరికి వచ్చేసరికి, "మా ఆయన ఎటంటే అటే" అంటాం. లేకుంటే "గ్రూపు లీడరక్క చెప్పింది", "కులపోళ్లంతా అనుకున్నరట" అంటాం. ఇదెక్కడి లెక్క వదినా?

పసుపు డబ్బా లేని వంటిల్లు ఉండదు గదా. ఆ పసుపు పండించే రైతులు 2019లో ఏం చేశారో ఒకసారి గుర్తు చేసుకుందాం. నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో మన పాత కరీంనగర్ జిల్లాలోని జగిత్యాల, కోరుట్ల కూడా ఉన్నాయి. పసుపు ఎనిమిది తొమ్మిది నెలల పంట. తవ్వాలె, కొమ్ములు విరవాలె, ఉడకబెట్టాలె, ఎండబెట్టాలె. ఇంత చాకిరీ చేసి మార్కెట్‌కు తీసుకుపోతే ధర గిట్టదు. పసుపు బోర్డు పెడతామన్న మాట మాత్రం ఎన్నికలప్పుడల్లా వినపడేది.

విని విని విసిగి, రైతులే నామినేషన్లు వేశారు. మొత్తం 185 మంది అభ్యర్థుల్లో 178 మంది రైతులు! ఏప్రిల్ 11న పోలింగ్ నాడు ఒక్కో బూత్‌లో 12 ఓటు యంత్రాలు వరుసగా పెట్టాల్సి వచ్చింది.

ఆ రైతుల్లో ఒక్కరూ గెలవలేదు. కానీ అప్పటి ఎంపీ ఓడిపోయారు. బోర్డు తెస్తానని బాండు పేపరు మీద రాసిచ్చిన అభ్యర్థి గెలిచారు. రైతులు ఊరుకున్నారా? ఆ కాగితం సంగతేమిటని ఆయననూ అడిగారు. చివరికి 2025 జనవరిలో నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలైంది. బోర్డు వచ్చింది సరే, ధర మాటేమిటన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది.

ఇప్పుడు మన జిల్లాలోనే ఇంకో ముచ్చట. 2021 అక్టోబరులో హుజూరాబాద్ ఉప ఎన్నిక జరిగింది. ఓటుకు ఇంత అని కవర్లలో డబ్బు పంచుతున్నారని వార్తలొచ్చాయి. కొన్ని ఊళ్లలో ఆడవాళ్లు కూడా బయటికొచ్చి నిలదీశారు. దేనికోసం? పక్కవాళ్లకు కవరు అందింది, మాకు అందలేదని!

రైతులూ అడిగారు, వీళ్లూ అడిగారు. కానీ తేడా చూడండి. కవరేదని అడిగితే ఏ నాయకుడూ భయపడడు. ఇంకో కవరు తెచ్చి చేతిలో పెడితే ఆ ప్రశ్న అక్కడికి చల్లారుతుంది. ధర ఏదని అడిగితేనే ఐదేళ్లూ జవాబు చెప్పుకోవాలి. "మన సొమ్మే గదా, తీసుకుంటే తప్పేంది?" అనేవాళ్లున్నారు. లేనింటికి ఆ నోటు అక్కరకొస్తుంది, కాదనను. కానీ ఓటుకు డబ్బు ఇవ్వడమే కాదు, తీసుకోవడమూ చట్టం ప్రకారం నేరమే. పైగా తీసుకున్నాక, రేపు మోరీ నిండి ఇంటి ముందు పారినా అడగడానికి నోరు రాదు.

అందుకే ఎవరేం చెప్పినా మూడు మాటలు ఆలోచిద్దాం. చెప్పేదెవరు? చెబితే వాళ్లకేం లాభం? పోయినసారి చెప్పింది చేశారా? ఫోన్‌లో వచ్చే వాట్సాప్ ముచ్చట్లకూ ఇదే జల్లెడ. పదిమంది పంపినంత మాత్రాన అబద్ధం నిజమైపోదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని పెద్దలు ఊరికే అనలేదు.

ఇంట్లో పార్టీల పేరు మీద పంచాయితీ పెట్టుకోమని కాదు నేను చెప్పేది. బూత్‌లో ఆ అట్ట అడ్డం పెట్టేది మన ఓటు మనకే తెలియాలని. అక్కడికి మీ ఆయన రాడు, లీడరక్క రాదు, కులపెద్ద రాడు.

పాల లెక్క రాసే పుస్తకంలో ఆఖరి పేజీ ఒకటి ఖాళీగా ఉంచండి. ఎన్నికలప్పుడు ఎవరే మాట ఇచ్చారో తేదీతో సహా రాయండి. వచ్చేసారి వాకిట్లోకొచ్చి "అక్కా, మన గుర్తు మరువకు" అని దండం పెట్టినవాళ్లను కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, ఆ పేజీ తీయండి. ఏమంటారు?