పాయింట్లతో తీసిన విమాన టికెట్టు



గ్రామ సంఘాలలో పెద్దవారు ఈ మధ్య మమ్మును తరచుగా ఒక సంగతి అడుగుచున్నారు. అమెరికాలోనో కెనడాలోనో ఉన్న కొడుకు ఫోన్ చేసి, "అమ్మా, ఈసారి నీకూ నాన్నకూ పాయింట్ల మీద బిజినెస్ క్లాసు టికెట్లు తీస్తున్నాను, హాయిగా పడుకొని రావచ్చు, డబ్బు పెద్దగా కాదు" అంటాడు. మూడు లక్షల టికెట్టు అంత చౌకగా ఎట్లా వస్తుంది, ఇందులో మోసమేమైనా ఉన్నదా, మనవంటి వారు ఆ సీట్లలో కూర్చొనవచ్చునా అని వీరి సందేహము. పిల్లల మాట కాదనలేక, మనస్సాక్షికి సమాధానము చెప్పుకోలేక నలుగుచున్న వారి నిమిత్తము ఈ నెల మన గృహనిర్వాహకత్వ శీర్షికను దీనికే ఇచ్చాము.

ముందుగా ఒక మాట. ఇది మోసము కాదు, ఊరికే వచ్చేదీ కాదు. పట్నంలో బట్టల కొట్టువారు ఏటేటా తమ దగ్గరే కొనే ఖాతాదారుకు పండుగనాడు సంచీ, క్యాలెండరూ ఇస్తారు గదా! మళ్లీ తమ దగ్గరకే రావాలని ఇస్తారు. విమాన కంపెనీలూ అంతే. అమెరికాలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981 మే నెలలో ఈ పద్ధతి మొదలుపెట్టింది, అదే నెలలో యునైటెడ్ కూడా మొదలుపెట్టింది. ఎన్ని మైళ్లు ఎగిరితే అన్ని మైళ్లు ఖాతాలో వ్రాసేవారు, అందుకే ఈనాటికీ వాటికి మైళ్లు అనే పేరు నిలిచింది. తరువాత బ్యాంకులు వచ్చి కలిశాయి. ఇప్పుడు మన పిల్లల ఖాతాలలో ఉన్న పాయింట్లలో చాలా భాగము ఎగిరి సంపాదించినవి కావు. కిరాణా సరుకులు, పెట్రోలు, ఇంటి ఖర్చులు క్రెడిట్ కార్డు మీద పెట్టగా వచ్చినవి.

ఒక కంపెనీ పాయింట్లతో మరొక కంపెనీ విమానము ఎక్కడమేమిటన్నది చాలామందికి అర్థము కాని సంగతి. విమాన కంపెనీలు కూటములుగా ఏర్పడ్డాయి. ఎయిర్ కెనడా, లుఫ్తాన్సా, యునైటెడ్, థాయ్, స్కాండినేవియన్ కంపెనీలు కలిసి 1997లో స్టార్ అలయన్స్‌ను పెట్టుకొన్నాయి. 2014 జూలైలో మన ఎయిరిండియా అందులో చేరింది. వన్‌వరల్డ్ అనేది మరొక కూటమి, బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఖతార్ ఎయిర్‌వేస్ అందులోనివి. కనుక టొరంటోలో ఉన్న కుమార్తె ఎయిర్ కెనడా పాయింట్లు ఇచ్చి, శంషాబాదులో తల్లిని లుఫ్తాన్సా విమానము ఎక్కించగలదు. ఆ సీటుకు రావలసిన సొమ్ము ఆ కంపెనీలు తమలో తాము లెక్క చూసుకొంటాయి.

అయితే ఏ కంపెనీ అయినా భాగస్వాములకు అన్ని సీట్లూ ఇవ్వదు. పెండ్లి పందిట్లో సొంత బంధువులకు విస్తళ్లు వేసి, మిగిలిన చోట వియ్యాలవారి ఊరివారిని కూర్చోబెట్టినట్లు ఉంటుంది. అమ్ముడుపోవనుకొన్న ఒకటి రెండు సీట్లే వదులుతారు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ వంటివారు దూరప్రయాణపు మంచి సీట్లను ఎక్కువగా తమ సభ్యులకే ఉంచుకొంటారు. అందుచేత ఈ టికెట్లు దొరికే కాలాలు ప్రధానముగా రెండు. ఒకటి, ప్రయాణానికి సుమారు పదకొండు నెలల ముందు, సీట్లు మొదటిసారి తెరిచినప్పుడు. రెండవది, ప్రయాణానికి ఇంక రెండు వారాలు ఉన్నదనగా, అమ్ముడుపోని సీట్లను వదిలేటప్పుడు. క్రిస్మస్‌కు, వేసవి సెలవులకు ఆశ తక్కువ. మనవరాలి కాన్పు తేదీకి కావాలంటే ఇంకా కష్టము. కోతలు, ఊడ్పులు చూసుకొని బయలుదేరే రైతు కుటుంబాలవారు "ఫలానా వారంలో ఏ రోజైనా సరే" అని పిల్లలకు చెప్పగలిగితే వారికి చాలా సాయము చేసినట్లే.

ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. బిజినెస్ క్లాసులో ఒక్క సీటే దొరుకుతుంది. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు గనుక ఆమెను ముందు పడుకోబెట్టి, నాన్నగారిని వెనుక సాధారణ తరగతిలో కూర్చోబెడదామని పిల్లలు అనుకొంటారు, ప్రేమతోనే అనుకొంటారు. మేమైతే వద్దంటాము. ఇంగ్లీషు రాని తల్లి, ఎన్నడూ విమానము ఎక్కనిది, పదిహేను గంటలు ఒంటరిగా కూర్చొని ఆ బటన్లు ఏమిటో, ఆ అమ్మాయి ఏమి అడుగుతున్నదో తెలియక, దాహమైనా అడగక ఊరుకొంటుంది. ఇద్దరూ సాధారణ సీట్లలో పక్కపక్కన కూర్చొనడమే మేలు. ఏ తరగతిలోనైనా సరే, ముందుగా చెప్పుకొంటే నడవలేనివారికి వీల్‌చైరు ఏర్పాటు చేస్తారు. గంట గంటకూ లేచి నాలుగడుగులు నడవడము, నీళ్లు త్రాగడము మాత్రము పడుకొని వెళ్లేవారికైనా తప్పదు, లేకుంటే కాళ్లు వాస్తాయి.

ఇక లెక్క చూద్దాము. ఉదాహరణకు ఆ టికెట్టుకు 90,000 పాయింట్లు, పన్నుల క్రింద 15,000 రూపాయలు అయినవనుకొందాము. డబ్బుతో కొంటే అదే సీటు 3,00,000. కొడుకు, "2,85,000 మిగిలాయి, పాయింటుకు మూడు రూపాయలకు పైగా వచ్చింది" అని సంతోషిస్తాడు. నిజానికి ఆ తండ్రి మూడు లక్షలు పెట్టి ఎన్నడూ కొనడు. కొంటే 75,000కు సాధారణ టికెట్టు కొనేవాడు. మిగిలింది 60,000, అంటే పాయింటుకు 66 పైసలు. మూడు లక్షలు ఆదా అయినవన్న మాట కొట్టువారి మాటే. ఆ మోకాళ్లకు దొరికిన విశ్రాంతికి విలువ లేదని అనడము లేదు, దానికి పైసలలో లెక్క కట్టలేము.

పన్నులు సాధారణముగా డబ్బుగానే కట్టాలి. కొన్ని కంపెనీలు వాటితోపాటు ఇంధన సర్‌చార్జి అని మరొక పెద్ద మొత్తము కలుపుతాయి. యునైటెడ్, ఎయిర్ కెనడా పాయింట్లతో భాగస్వామి విమానాలకు తీసిన టికెట్లలో ఆ సర్‌చార్జి ఉండదు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ దూరప్రయాణపు బిజినెస్ క్లాసులో అది బరువుగానే ఉంటుంది. పాయింట్లు ఎన్ని అని మాత్రమే కాక, చేతి నుండి ఎంత కట్టాలని కూడా పిల్లలను అడగండి.

చిమ్మెటయు తుప్పును తినివేసే ధనమును గూర్చి ప్రభువు కొండమీద చెప్పిన మాట ఈ పాయింట్లకు ఎంత సరిపోతుందో! కింగ్‌ఫిషర్ విమానాలు 2012లో ఆగిపోయినప్పుడు వాటి మైళ్లు దాచుకొన్నవారికి ఏమీ మిగలలేదు. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో నిలిచిపోయింది, దాని పాయింట్లు వేరే పేరుతో ఉండినా, ఎక్కాలనుకొన్న విమానమే లేకపోయింది. విస్తారా 2024 నవంబరులో ఎయిరిండియాలో కలిసినప్పుడు మాత్రము ఆ సభ్యుల పాయింట్లు ఎయిరిండియా ఖాతాలకు మారాయి. కంపెనీ నిలిచియున్నా, నిన్న 70,000 అడిగిన సీటుకు రేపు 90,000 అడగవచ్చు. సింగపూర్ వారి మైళ్లకు 36 నెలల గడువు, యునైటెడ్ మైళ్లకు 2019 నుండి గడువు లేదు. ఏదైనప్పటికీ ఇవి కూడబెట్టుకొనే ఆస్తి కావు, అవసరము వచ్చినప్పుడు వాడుకొనేవి. మరొక సంగతి. బ్యాంకు పాయింట్లను ఒకసారి విమాన కంపెనీ ఖాతాకు పంపితే వెనుకకు రావు. ముందు సీటు కనబడాలి, తరువాతనే పంపాలి.

కార్డు గూర్చి గట్టిగా చెప్పవలసి యున్నది. ఊరిలో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటేనే ఉలిక్కిపడతాము. కార్డు బాకీ గడువులోగా కట్టకపోతే మన బ్యాంకులు చాలా వరకు నూటికి మూడున్నరో అంతకంటె ఎక్కువో వేస్తాయి, ఏడాదికి నలభై దాటుతుంది. పాయింట్ల కోసము అక్కరలేనివి కొని, ఆ వడ్డీ కట్టే ఇండ్లు ఉన్నవి. ఆ ఇంట వచ్చిన బిజినెస్ క్లాసు సీటు అప్పు మీద వచ్చిన సీటే.

పట్నాలలో ఇప్పుడు పాయింట్లు అమ్మే దళారులు బయలుదేరారు. ఎవరో తెలియనివారి ఖాతా నుండి సగము ధరకు టికెట్టు తీసి ఇస్తామంటారు. కంపెనీల నిబంధనల ప్రకారము పాయింట్లు అమ్మరాదు. తెలిసినప్పుడు టికెట్టు రద్దు చేస్తారు, ఒక్కొక్కప్పుడు వెళ్లేటప్పుడు బాగుండి తిరుగు ప్రయాణములో రద్దవుతుంది. పరదేశములో చిక్కుకొన్న ముసలివారిని ఆ దళారి వచ్చి ఆదుకొనడు. కన్నబిడ్డ తన పాయింట్లతో తలిదండ్రుల పేరున టికెట్టు తీయడము వేరు, దానిలో తప్పు లేదు. కొన్ని కంపెనీలలో మాత్రము మీ పేరు ముందుగా ఆ బిడ్డ ఖాతాలో నమోదు చేయించాలి.

పేరంటే గుర్తుకు వచ్చింది. మనలో అనేకులకు బడి సర్టిఫికెట్టులో ఒక పేరు, బాప్తిస్మము నాడు పెట్టుకొన్న పేరు మరొకటి. సంఘములో మిమ్మును అందరూ ఎస్తేరమ్మ అని పిలిచినా, పాస్‌పోర్టులో సుబ్బమ్మ అని ఉంటే టికెట్టు మీద సుబ్బమ్మే ఉండాలి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులు మన ప్రాంతాలలో ఎన్నో. అట్టివారికి అమెరికా వీసా మీద పేరుకు బదులు ఎఫ్ఎన్‌యు అని మూడక్షరాలు పడతాయి. టికెట్టు తీసేవారికి పాస్‌పోర్టు, వీసా రెండింటి ఫొటోలూ పంపండి.

టికెట్టు చేతికి వచ్చాక దానిపై 13 అంకెల నంబరు ఉన్నదో లేదో చూడండి. అది లేకపోతే సీటు పట్టి ఉంచారే గాని టికెట్టు ఇవ్వలేదని అర్థము. మొదటి మూడంకెలు టికెట్టు ఇచ్చిన కంపెనీ గుర్తు: 098 అయితే ఎయిరిండియా, 016 యునైటెడ్, 014 ఎయిర్ కెనడా, 220 లుఫ్తాన్సా. తేదీ మార్చాలంటే టికెట్టు ఇచ్చిన వారినే అడగాలి. ఎక్కే విమానము వేరొకరిదైతే వారి బుకింగ్ గుర్తు వేరుగా ఉంటుంది, సీటూ భోజనమూ వీల్‌చైరూ దానితో చెప్పుకోవాలి. దారిలో దిగే దేశపు ట్రాన్సిట్ వీసా నియమము చూసుకోండి. బిజినెస్ క్లాసువారికి సామాను ఎక్కువ అనుమతిస్తారు గదా అని మాంసము పచ్చడి జాడీలు కట్టకండి, అమెరికా కస్టమ్స్‌వారు రానివ్వరు. ఆవకాయ చాలు. విమానములో మద్యము కూడా తెచ్చి అడుగుతారు, వద్దని తల ఊపితే సరిపోతుంది.

ఇక, ఆ సీట్లలో కూర్చొనవచ్చునా? యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయములో బంగారు ఉంగరము వానికి మంచి స్థలము చూపి, బీదవానిని పాదపీఠము దగ్గర కూర్చోమనే సమాజమును గద్దించాడు. ఆ గద్దింపు సంఘమునకు. విమానములో తెర అవతల కూర్చున్న తల్లి ఎవరి స్థలమునూ తీసుకొనలేదు. ఊరికి తిరిగివచ్చాక ఆదివారము చాప మీద పక్కనున్న కూలి సహోదరి దగ్గర ఆ సీటు సంగతే చెబుతూ కూర్చుంటే మాత్రము యాకోబు మాట ఆమెను పట్టుకొంటుంది. బిడ్డ ప్రేమతో ఇచ్చినదానిని సంతోషముగా తీసుకొనండి.

మా మనస్సును కలతపెట్టే ప్రశ్న వేరొకటి ఉన్నది. మందిరపు సిమెంటు, ఇనుము కోశాధికారి తన సొంత కార్డు మీద కొని, సంఘపు డబ్బు తరువాత తీసుకొంటాడు. పాయింట్లు ఆయన ఖాతాలో పడతాయి. సంఘపు ఖర్చుతో సభలకు వెళ్లిన కాపరికి మైళ్లు ఆయన పేరున చేరతాయి. కంపెనీ లెక్కలో ఆ పాయింట్లు ఖాతాదారు పేరనే ఉంటాయి. అయినా ఆ సొమ్ము విధవరాలి కానుక నుండి కూడా వచ్చినది. ఎవరినీ అనుమానించడము లేదు, చాలామందికి ఈ ఆలోచనే తట్టియుండదు. సంఘ కమిటీ కూర్చున్నప్పుడు ఇకమీదట అట్టి పాయింట్లు ఎవరివి, వేటికి వాడాలి అని ఒక తీర్మానము చేసి మినిట్స్ పుస్తకములో వ్రాయించండి. ఆ కార్డు ఉన్నవారే ఆ మాట ముందుగా ఎత్తితే మరీ మంచిది.