'లిటిల్ హార్ట్స్' పిల్లలతో కలిసి చూడండి



"ఆ సినిమా చూస్తే పిల్లలు చదువు మానేయరా మేడమ్?" అని పీటీఎంలో మీలో కొందరు అడిగారు. మానేయరు. కాకపోతే వాళ్లను ఒంటరిగా ఫోన్‌లో చూడనివ్వకండి, మీరూ పక్కన కూర్చోండి. అందులో సగం జోకులు మన మీదే.

కథ 2015 నాటిది. ఎంసెట్‌లో ర్యాంకు రాని అఖిల్‌ని నాన్న లాంగ్ టర్మ్ కోచింగ్‌లో వేస్తాడు. పరీక్ష పేరు ఇప్పుడు ఈఏపీసెట్ అయింది, ఇళ్లలో టెన్షన్ మాత్రం అదే. నాన్నగా వేసిన రాజీవ్ కనకాల ఎక్కడా విలన్‌లా అనిపించడు. కొడుకు బాగుపడాలనే ఆయన తాపత్రయం. అందుకే ఆ నవ్వు మనకి కాస్త గుచ్చుకుంటుంది.

తెర వెనక సంగతి ఒకటి చెప్తాను. నిర్మాత ఆదిత్య హాసన్ అంతకుముందు '90స్' వెబ్ సిరీస్‌కి దర్శకుడు. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చింది, శివాజీ లెక్కల మాస్టారుగా చేశారు, చాలామంది చూసే ఉంటారు. ఆ ఇంట్లో బాగా చదివే పెద్దబ్బాయి రఘు గుర్తున్నాడా? ఆ పాత్ర వేసిన మౌళి తనూజే రెండేళ్లు తిరక్కుండా ఇక్కడ ర్యాంకు రాని అఖిల్ అయ్యాడు. యూట్యూబ్ వీడియోలతో మొదలైన కుర్రాడు. ఒకే ముఖం, ఒక ఇంట్లో టాపర్, ఇంకో ఇంట్లో లాంగ్ టర్మ్. మా తొమ్మిదో తరగతిలో సెటైర్ అంటే ఏమిటో చెప్పడానికి నేను ఈ ఉదాహరణే వాడాను. పిల్లలకి వెంటనే అర్థమైంది, నేను ఇంకేమీ వివరించాల్సి రాలేదు.

దర్శకుడు సాయి మార్తాండ్‌కి ఇదే మొదటి సినిమా. 2025 సెప్టెంబర్ 5న, అంటే టీచర్స్ డే రోజున విడుదలైంది. మాకు గిఫ్ట్ అనుకోవాలో, చురక అనుకోవాలో!

మీలో చాలామంది ఎంసెట్ రాసి, ఇంజినీరింగ్ చేసి, ఇవాళ మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఉద్యోగం చేస్తున్నవాళ్లు. మీ క్లాసులో ర్యాంకు రాని ఫ్రెండ్ ఇప్పుడేం చేస్తున్నాడో పిల్లలకి ఎప్పుడైనా చెప్పారా? ఎనిమిదో తరగతికే ఫౌండేషన్ బ్యాచ్‌లో కూర్చుంటున్న పిల్లలు వీళ్లు (మన దగ్గరా ఆ బ్యాచ్‌లున్నాయి, కాదనను). ఆ ఫ్రెండ్ కథ వాళ్లకి కావాలి.

ఒక్క జాగ్రత్త. ఇందులో ప్రేమకథ ఉంది, కాబట్టి ఆరు, ఏడు తరగతుల వాళ్లకి ఇప్పుడే వద్దు. పెద్దవాళ్లతో చూసేటప్పుడు మార్కుల ఊసెత్తకండి. వాళ్లు ఎక్కడ నవ్వారో, ఎక్కడ నవ్వకుండా మీ వైపు చూశారో గమనించండి. వచ్చే పీటీఎంలో ప్రోగ్రెస్ రిపోర్ట్ తీసేముందు నాకు అది చెప్పండి.