దాహాన్ని చంపుకునే బతుకులు

మెట్టుగూడలో కూరగాయలమ్మే ఒకామెను "ఇంత ఎండలో నీళ్లు తాగవా అక్కా?" అని అడిగాను. "తాగితే ఏడికి పోవాలె?" అంది. తెల్లవారుజామున మార్కెట్టుకెళ్లి సరుకు తెచ్చుకుంటే, రాత్రిదాకా బండి దగ్గరే. బండి వదిలితే బేరం పోతుంది, సరుకుకు కాపలా ఉండదు. అందుకని దాహాన్నే చంపుకుంటోంది.

మనిషి అవసరాలకు ఒక వరస ఉందని 1943లో మాస్లో చెప్పాడు: ముందు తిండీ నీళ్లూ, తర్వాత భద్రత, ఆ పైన గౌరవం. ఆడవాళ్ల బతుకుల్లో ఈ వరస తలకిందులవుతుంది. గౌరవం కాపాడుకోవాలంటే నీళ్లు మానుకోవాలి. కూడు సంపాదించాలంటే మూత్రం ఆపుకోవాలి. దానివల్ల వచ్చే జబ్బుకు మందుల ఖర్చూ ఆమెదే.

2010 జూలైలో ఐక్యరాజ్యసమితి నీటినీ పారిశుధ్యాన్నీ మానవహక్కుగా గుర్తించింది. 2017 నవంబరులో మెట్టుగూడకు మెట్రో వచ్చింది. హక్కు మాత్రం ఆమె బండిదాకా రాలేదు.

ఎన్ని మరుగుదొడ్లు కట్టారన్న లెక్క ఒక్కటే చాలదు. అవి ఎక్కడున్నాయి, ఎన్నింటిదాకా తెరిచి ఉంటాయి, లోపల నీళ్లున్నాయా, డబ్బులడుగుతారా? ఇవి చెప్పగలిగింది ఆమే. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ కమిటీల్లో కనీసం 40 శాతం మంది వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వారిలో మూడోవంతు స్త్రీలు. మన ప్రాంతంలో ఆ కుర్చీల్లో ఎవరు కూర్చుంటున్నారు? మన సంఘాలు ముందు అడగవలసిన ప్రశ్న ఇది.