దశమభాగం ఇచ్చిన చేత్తోనే

పూండి జలాశయం చూడడానికి ఆదివారాల్లో జనం బాగానే వస్తారు. 1944లో కట్టిన ఈ జలాశయానికే కండలేరు నుంచి తెలుగు గంగ కాలువ ద్వారా కృష్ణా నీళ్ళు వచ్చి చేరతాయి. చెన్నై దాహం తీర్చేవి ఈ నీళ్ళే. చెన్నై నుంచి తిరువళ్ళూరు, తిరుత్తణి మీదుగా తిరుపతి వెళ్ళే పెద్ద రోడ్డు కూడా ఇక్కడికి ఎంతో దూరం లేదు. ఆ రోడ్డు పొడవునా హోటళ్ళు. వాటిలో వడ్డించే వాళ్ళలో, బల్లలు తుడిచే వాళ్ళలో మన తెలుగు పిల్లలున్నారు. వాళ్ళలో కొందరు మన సంఘాల్లో పెరిగిన పిల్లలే.

ఈ మధ్య ఒక యువజన కూడికలో అలాంటి తమ్ముడొకడు లేచి మాట్లాడాడు. "అన్నా, ఆదివారం మధ్యాహ్నం షిఫ్టంటే మాకు ఇష్టం ఉండదు. ఆరాధన అయ్యాక పది పన్నెండు మంది కలిసి వస్తారు. రెండు బల్లలు కలిపి వేయమంటారు. ప్రార్థన చేసుకుని తింటారు. సాంబారు నాలుగుసార్లు అడుగుతారు, రసం మూడుసార్లు అడుగుతారు. పోయేటప్పుడు ఒక్క రూపాయి పెట్టరు. మొన్న ఒకాయన సువార్త కరపత్రం మాత్రం పెట్టి వెళ్ళాడు. నేనూ విశ్వాసినేనని ఆయనకు చెప్పబుద్ధి కాలేదు. ఇలాంటి వాళ్ళతో మేం ఎలా ఉండాలి?"

మొదట అందరం నవ్వాం. ఆ తర్వాత, కిందటిసారి హోటల్లో మనం ఏం తిన్నాం, లేచి వచ్చేటప్పుడు ఏం పెట్టాం అని ఎవరికి వాళ్ళం గుర్తు చేసుకున్నాం. ఈ నెల సంపాదకీయం ఆ తమ్ముడి ప్రశ్నకు మేం వెతుక్కున్న జవాబు.

టిప్పు గురించి రాసేంత ఏముంది అని కొందరికి అనిపించవచ్చు. పది రూపాయల సంగతే కదా! కానీ ఆ పది రూపాయల కోసం ఒక మనిషి మన ముఖం వైపు ఎదురు చూడవలసి వచ్చిందంటే, అతని కూలీ సంగతి ఏమైందని అడగాలి. చాలా చిన్న హోటళ్ళలో యజమాని జీతం తక్కువగా మాట్లాడి, "టిప్పులు వస్తాయిలే" అని సర్దిచెబుతాడు. అంటే తాను ఇవ్వవలసిన కూలీలో కొంత భాగాన్ని వచ్చేపోయే వాళ్ళ దయకు వదిలేస్తాడు. కస్టమరు పెడితే ఆ రోజు గడుస్తుంది. పెట్టకపోతే సర్వరుకు కస్టమరు మీద కోపం వస్తుంది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషి మీద మాత్రం ఎవరికీ కోపం రాదు.

ఇది మన దేశంలోనే ఉన్న ఏర్పాటు కాదు. అమెరికాలో అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయ్యాక, విడుదలైన నల్లజాతి వారిని ఎందరో యజమానులు అతి తక్కువ జీతానికి పనిలో పెట్టుకున్నారు. మిగిలింది టిప్పుల్లో సంపాదించుకోమన్నారు. పుల్‌మన్ రైలు కంపెనీ పోర్టర్లు అలా బతికినవాళ్ళే. ప్రయాణికులు వాళ్ళను సొంత పేర్లతో కాక, కంపెనీ యజమాని జార్జ్ పుల్‌మన్ పేరు మీద అందరినీ "జార్జ్" అనే పిలిచేవారు. 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో వాళ్ళు సంఘం కట్టి, పన్నెండేళ్ళు పోరాడి, 1937లో కంపెనీతో ఒప్పందం సాధించారు. అయినా ఆ పద్ధతి చావలేదు. టిప్పులు వచ్చే పనివాడికి యజమాని ఇవ్వవలసిన కనీస కూలీ అక్కడి కేంద్ర చట్టం ప్రకారం గంటకు 2 డాలర్ల 13 సెంట్లు. 1991 నుంచి అది ఒక్క సెంటు కూడా పెరగలేదు. మన తెలుగువాళ్ళు ఎక్కువగా స్థిరపడిన డల్లాస్ ప్రాంతం ఉన్న టెక్సాస్‌లో నేటికీ అదే లెక్క. అక్కడ టిప్పు పెట్టకుండా లేచి వచ్చేవాడు ఎదుటివాడి కూలీనే ఎగ్గొట్టినట్టు.

2013లో ఆ దేశంలోనే సెయింట్ లూయిస్ నగరంలో జరిగిన ఒక సంగతి చాలామంది విని ఉంటారు. హోటలు బిల్లులో వేసిన 18 శాతం టిప్పును ఒక పాస్టరు కొట్టేసి, దేవునికి నేను పది శాతం ఇస్తుంటే నీకు పద్దెనిమిది ఎందుకు అని ఆ కాగితం మీదే రాశారు. ఆ కాగితం ఫోటోను ఇంటర్నెట్‌లో పెట్టిన సర్వరు ఉద్యోగం పోయింది. ఆ పాస్టరు తర్వాత క్షమాపణ చెప్పారు. ఆమెను తప్పుపట్టడం సులువే. మరి దశమభాగం ఇచ్చేశాం కాబట్టి ఇక ఎవరికీ ఏమీ బాకీ లేమనుకునే జబ్బు మనకు లేదా? మత్తయి 23:23లో ప్రభువు సరిగ్గా ఈ జబ్బునే పట్టుకున్నారు. పుదీనాలో, జీలకర్రలో కూడా పదో వంతు లెక్కపెట్టి ఇచ్చే వాళ్ళు న్యాయాన్ని, కనికరాన్ని వదిలేశారని ఆయన మందలింపు. దశమభాగం మానమని ఆయన చెప్పలేదు. అది చేస్తూనే ఇదీ చేయమన్నారు.

మన చట్టం ఏమంటుందో చూద్దాం. తమిళనాడులో హోటళ్ళు, రెస్టారెంట్లు ఎప్పటినుంచో కనీస వేతనాల పరిధిలో ఉన్న పరిశ్రమే. 1948 నాటి కనీస వేతనాల చట్టం స్థానంలో వచ్చిన వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. నెల జీతాన్ని తర్వాతి నెల ఏడో తేదీలోగా చెల్లించాలని కూడా అది చెబుతోంది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకా గట్టి మాట చెప్పింది. కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన వెట్టిచాకిరీ కిందికే వస్తుందని తేల్చింది. "టిప్పులు వస్తాయిలే" అనే మాటను ఈ తీర్పు పక్కన పెట్టి చూడండి.

సర్వీసు చార్జి సంగతి వేరు. బిల్లులో దాన్ని దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. హోటల్ యజమానుల సంఘాలు కోర్టుకు వెళ్ళాయి. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. దాని మీద యజమానులు అప్పీలుకు వెళ్ళారు. బలవంతంగా వసూలు చేస్తే 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. ఇది మంచిదే. ఆ చార్జి అంతా వడ్డించిన వాళ్ళకే అందుతుందనే భరోసా ఎన్నడూ లేదు. అయితే బలవంతం పోయిన చోట మన ఇష్టం మిగిలింది. ఆ ఇష్టాన్ని మనం ఎలా వాడుకుంటున్నామన్నదే ఇప్పుడు ప్రశ్న.

ఇక్కడ మన సొంత చరిత్ర ఒకటి గుర్తు చేసుకోవాలి. మనలో చాలామంది తాతలు హోటల్లోకి అడుగు పెట్టలేకపోయిన వాళ్ళు. బయట నిలబడి, వేరే గ్లాసులో టీ తాగి, ఆ గ్లాసు తామే కడిగి పెట్టి వచ్చిన వాళ్ళు. రెండు గ్లాసుల పద్ధతి తమిళనాడులోనూ, తెలుగు నాట కూడా ఉండేది. కొన్ని ఊళ్ళలో అది ఇంకా పూర్తిగా పోలేదు. తిరుత్తణి ఇంకా ఆంధ్రలోని చిత్తూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1957లో, మద్రాసు ట్రిప్లికేన్‌లో ఒక హోటలు బోర్డు మీద ఉన్న కులం పేరు తీయించడానికి పెరియార్ అనుచరులు నెలల తరబడి ఆందోళన చేసి జైళ్ళకు వెళ్ళారు. హోటళ్ళలోకి ప్రవేశించే హక్కును రాజ్యాంగం 15వ అధికరణలో పేరు పెట్టి మరీ రాయవలసి వచ్చిందంటే ఆ అవమానం ఎంతటిదో ఊహించండి. అలాంటి చోటికి ఇవాళ మనం కుటుంబంతో వెళ్ళి, ఏసీ గదిలో కూర్చుని తింటున్నాం. మన ఎంగిలి ఆకు ఎత్తుతున్న పిల్లవాడిని "ఒరేయ్, ఇటు రా" అని పిలుస్తున్నాం. అది వింటే మన తాతలు సంతోషిస్తారా?

కాబట్టి తినడానికి వెళ్ళే వాళ్ళకు మా విన్నపం ఇది. టిప్పును దానంగా చూడకండి, శ్రమకు కృతజ్ఞతగా చూడండి. మామూలు టిఫిను హోటలయితే చిల్లర వదలకుండా పది ఇరవై రూపాయలు పెట్టండి. కూర్చుని తీరిగ్గా తినే చోట బిల్లులో పదో వంతు పెట్టవచ్చు. పదో వంతు లెక్క మనకు కొత్త కాదు కదా! పది మంది కలిసి వెళ్ళినప్పుడు తలా కొంత ముందే పోగు చేసుకోండి. అందరూ ఎవరో ఒకరు పెడతారనుకుంటే చివరికి ఎవరూ పెట్టరు. ఫోనుతో స్కాన్ చేసి కట్టే రోజులొచ్చాక పళ్ళెంలో చిల్లర మిగలడమే మానేసింది. మనం స్కాన్ చేసిన డబ్బు యజమాని ఖాతాకు పోతుంది. అందుకని జేబులో రెండు నోట్లు ఉంచుకుని, పనిచేసిన వాళ్ళ చేతికే ఇవ్వండి. పేరడిగి, పేరుతో పిలవండి. కరపత్రం పెట్టాలనుకుంటే పెట్టండి, కానీ నోటుకు బదులుగా పెట్టకండి. ఖాళీ కడుపుతో ఉన్నవాడికి ఆ కాగితంలో సువార్త వినిపించదు.

ఇవ్వలేని వాళ్ళూ ఉంటారు. ఏడాదికి ఒక్కసారి పిల్ల పుట్టినరోజుకు లెక్క చూసుకుని హోటలుకు వచ్చే కూలి కుటుంబం ఉంటుంది. వాళ్ళు ఏమీ పెట్టకపోయినా చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. ఒక మంచి మాట చెప్పి వెళ్ళినా చాలు.

ఇప్పుడు ప్రశ్న అడిగిన తమ్ముడికి. నాయనా, నీ కోపంలో న్యాయం ఉంది. కానీ మనుషుల బట్టలు చూసి, కారు చూసి, ఎవరు ఎంత పెడతారో అంచనా వేసి వడ్డించడం మొదలుపెడితే, యాకోబు 2వ అధ్యాయం హెచ్చరించిన పక్షపాతం నీ చేతుల్లోకే వస్తుంది. బంగారు ఉంగరం వాడికి మంచి చోటు, మాసిన బట్టల వాడికి మూల బల్ల. ఆ మూల బల్ల ఎలా ఉంటుందో మనకు తెలుసు. కాబట్టి పెట్టినవాడికీ పెట్టనివాడికీ ఒకేలా వడ్డించు. వెళ్ళిన వాళ్ళ మీద మనసులో లెక్క రాసి పెట్టుకోకు. వాళ్ళలో కొందరికి నిజంగా తెలియదు, కొందరి దగ్గర నిజంగా లేదు.

ఇంకొక మాట. వచ్చిన టిప్పులో లోపల గిన్నెలు తోమే అక్కకూ, బల్లలు తుడిచే పిల్లవాడికీ భాగం ఉందా? 1 సమూయేలు 30లో దావీదు యుద్ధానికి వెళ్ళిన వాళ్ళకూ, సామాను దగ్గర కాపలా ఉన్నవాళ్ళకూ సమానంగా పంచాలని కట్టడ చేశాడు. కస్టమరుకు కనిపించేది నీ ముఖం ఒక్కటే. కానీ ఆ భోజనం వెనక ఎన్నో చేతులున్నాయి. ఒరిస్సా నుంచి, బీహారు నుంచి వచ్చి వంటగదిలో పనిచేసే వాళ్ళను మరిచిపోకు. ద్వితీయోపదేశకాండము 24లో కూలివాడి గురించి చెప్పినప్పుడు స్వజనుడనీ పరదేశి అనీ తేడా చూపలేదు. వాళ్ళతో కలిసి ఉంటేనే జీతం గురించి గట్టిగా అడగగలవు. నెల జీతం ఎంతో, ఏ తేదీన ఇచ్చారో ఒక చిన్న పుస్తకంలో రాసుకో. చట్టం చెప్పిన కూలీ రాకపోతే కార్మిక శాఖ కార్యాలయం ఉంది. నువ్వు ఒంటరిగా వెళ్ళవద్దు. మేం కూడా వస్తాం.

మన సంఘాల్లో హోటళ్ళు నడిపే పెద్దలూ ఉన్నారు. వారితో గౌరవంగానే చెబుతున్నాం. కూలివాని జీతం తెల్లవారేదాకా కూడా దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండము 19:13 చెబుతోంది. బిగపట్టిన కూలీ మొర పెడుతుందనీ, ఆ కేక దేవుని చెవికి చేరుతుందనీ యాకోబు 5:4 చెబుతోంది. టిప్పులు ఎన్ని వచ్చినా మీరు ఇవ్వవలసిన జీతంలో అవి లెక్కకు రావు. పనివాళ్ళకు వారానికొక సెలవు, కాసేపు కూర్చోవడానికి ఒక కుర్చీ ఇవ్వండి. అమ్మకాలు చేసే వాళ్ళకు కూర్చునే హక్కు ఉండాలని తమిళనాడు 2021లో దుకాణాలు, సంస్థల చట్టాన్నే సవరించింది.

వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత మనలో కొందరం మళ్ళీ ఏదో ఒక హోటల్లో కూర్చుంటాం. భోజనానికి ముందు తల వంచి ప్రార్థిస్తాం. ఈసారి ఆ ప్రార్థనలో మనకు వడ్డిస్తున్న వాళ్ళను కూడా జ్ఞాపకం చేసుకుందాం. లేచే ముందు కానుకల పెట్టెలో వేసిన చేత్తోనే ఆ పళ్ళెంలో కూడా కొంత పెడదాం. ఆదివారం షిఫ్టంటే ఆ తమ్ముడికి ఇష్టం లేకపోవడానికి మనం మాత్రం కారణం కాకూడదు.

— సంపాదకవర్గం