పెద్దసారుకు అద్దం పట్టేదెవరు?

ప్రతి ఆఫీసులోనూ ఒక సారు ఉంటారు. కింది ఉద్యోగిని పదిమంది ముందు కడిగి పారేస్తారు. కాస్త చల్లబడ్డాక, ‘నాది ముక్కుసూటి వ్యవహారం. లోపలొకటి బయటొకటి నాకు చేతకాదు’ అంటారు. తిట్లు తిన్న మనిషి తలూపుతాడు. పక్కవాళ్లూ ఊపుతారు. ఈలోగా టీ వస్తుంది. సారుకు కోపమెక్కువే గానీ మనసు వెన్న అని ఎవరో ఒకరు అందుకుంటారు. ఆ సాయంత్రం సారు ఇంటికి వెళ్లేటప్పటికి, తనంత నిజాయితీపరుడు లేడన్న నమ్మకం ఆయనలో ఇంకాస్త గట్టిపడుతుంది.

మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో ఇరవై ఏళ్లుగా ‘అథెంటిక్ లీడర్‌షిప్’ అనే మాట తెగ నలుగుతోంది. వైద్య పరికరాల సంస్థ మెడ్‌ట్రానిక్‌ను నడిపిన బిల్ జార్జ్ 2003లో ఆ పేరుతోనే పుస్తకం రాశారు. ఖాతాల మోసం బయటపడి అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్ కుప్పకూలి రెండేళ్లయిన రోజులవి. పెద్ద కంపెనీల అధిపతుల మాటను జనం నమ్మడం మానేశారు. తన విలువలేమిటో తెలిసి, కష్టకాలంలోనూ వాటికి కట్టుబడే మనిషే నాయకుడని జార్జ్ చెప్పదలచుకున్నారు. ఆ మాట సముద్రాలు దాటి మన ఆఫీసులకు చేరేసరికి ‘నేనింతే, సర్దుకుపోండి’గా మారిపోయింది. తన స్వభావం తనకు తెలియడం ఒక గుణం. దాన్ని పదిమంది నెత్తిన రుద్దడం ఇంకో సంగతి.

అసలు చిక్కు మరోచోట ఉంది. తన గురించి తనకు తెలుసని దాదాపు అందరూ అనుకుంటారు. సైకాలజిస్ట్ టాషా యూరిక్ బృందం సుమారు 5 వేల మందిపై అధ్యయనాలు చేసింది. వాళ్లు పెట్టుకున్న కొలమానాలకు నిలబడింది 10 నుంచి 15 శాతం మందే. ఆమె 2018లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసంలో మరో విషయం కూడా ఉంది. అధికారం, అనుభవం పెరిగేకొద్దీ మనిషి తన సామర్థ్యాన్ని ఉన్నదానికన్నా ఎక్కువగా లెక్కేసుకుంటాడట. కారణం ఊహకందనిది కాదు. పైకి పోయేకొద్దీ ‘మీరు చేసింది తప్పు సార్’ అనే నోళ్లు తగ్గిపోతాయి. కాబట్టి నాయకుడి ఆత్మపరిశీలన ఒంటరిగా కూర్చుని చేసే ధ్యానంతో తేలేది కాదు. తన కింద పనిచేసేవాళ్లు తన ముందు నోరు విప్పగలుగుతున్నారా అన్నదే దానికి గీటురాయి.

శ్రీహరికోట కథ తెలుగువాళ్లకు కొత్తది కాదు. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 తొలి ప్రయోగం విఫలమై, రాకెట్ బంగాళాఖాతంలో పడింది. మిషన్ డైరెక్టర్ అబ్దుల్ కలాం. విలేకరుల ముందుకు మాత్రం ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్ వెళ్లారు. బాధ్యత తనదని చెప్పి, తన బృందం మళ్లీ ప్రయత్నించి గెలుస్తుందన్నారు. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. ఆ రోజు విలేకరుల సమావేశానికి ధావన్ వెళ్లలేదు, కలాంను పంపారు.

ఈ కథను మనం ధావన్ గొప్పతనానికి ఉదాహరణగా చెప్పుకుని అక్కడితో వదిలేస్తాం. అందులో ఇంకో సగం ఉంది. ఆ తొలి ప్రయోగానికి కాస్త ముందు కంప్యూటర్ ముందుకు పోవద్దని హెచ్చరించింది. నియంత్రణ వ్యవస్థలో లీకేజీ కనబడింది. ఇంధనం సరిపోతుందని నిపుణులు భరోసా ఇవ్వడంతో కలాం కంప్యూటర్‌ను పక్కనపెట్టి ప్రయోగానికి పచ్చజెండా ఊపారు. రెండో దశలో రాకెట్ అదుపు తప్పింది. ఈ సంగతి లోకానికి ఎలా తెలిసింది? కలామే చెప్పారు. భారతరత్న వచ్చాక, రాష్ట్రపతి పదవి చేశాక కూడా, ప్రసంగాల్లోనూ ఇంటర్వ్యూల్లోనూ ఆ నిర్ణయం తనదేనని పూసగుచ్చినట్టు చెప్పేవారు. తప్పు జరిగిన రోజు పైవాడు అండగా నిలిస్తే, ఆ తప్పును దాచుకోవాల్సిన అగత్యం కిందివాడికి ఉండదు. ధావన్ ఆనాడు కాపాడింది ఒక శాస్త్రవేత్త పరువును మాత్రమే అనుకుంటే పొరపాటు. ఎక్కడ తప్పామో బల్ల మీద పెట్టి మాట్లాడుకునే వీలును కూడా ఆయన కాపాడారు. ఏడాది తిరక్కుండానే రెండో ప్రయోగం గెలిచింది.

హైదరాబాద్‌లో పెరిగిన సత్య నాదెళ్ల విషయంలో తప్పును ఒప్పుకునే పరీక్ష వేదిక మీదే వచ్చింది. ఆయన మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టి అప్పటికి ఎనిమిది నెలలు. 2014 అక్టోబరులో అమెరికాలోని ఫీనిక్స్‌లో, కంప్యూటర్ రంగంలోని మహిళల కోసం జరిగే గ్రేస్ హాపర్ సదస్సుకు వెళ్లారు. జీతం పెంచమని అడగడానికి జంకే మహిళలకు ఏం చెబుతారని వేదిక మీద ఆయనను ఇంటర్వ్యూ చేస్తున్న మరియా క్లావే అడిగారు. అడగనక్కర్లేదు, వ్యవస్థను నమ్మండి, అదే మంచి కర్మ అన్న ధోరణిలో ఆయన జవాబిచ్చారు. క్లావే అప్పట్లో మైక్రోసాఫ్ట్ బోర్డు సభ్యురాలు కూడా. దీన్ని నేను ఒప్పుకోనని ఆమె అక్కడికక్కడే చెప్పేశారు. ఇంటర్నెట్ భగ్గుమంది. అదే రోజు నాదెళ్ల ఉద్యోగులందరికీ మెయిల్ పెట్టారు. ఆ ప్రశ్నకు తాను ఇచ్చిన జవాబు పూర్తిగా తప్పని, తగిన జీతం అనిపించకపోతే అడగాల్సిందేనని రాశారు.

మన దగ్గర ఇలాంటప్పుడు సాధారణంగా వినబడే మాటలు వేరు. ‘నా మాటల్ని వక్రీకరించారు.’ ‘నా ఉద్దేశం అది కాదు.’ ‘ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే చింతిస్తున్నాను.’ మూడింట్లోనూ తప్పు విన్నవాళ్ల మీదికే పోతుంది. నాదెళ్ల మెయిల్‌లో అలాంటి సందు లేదు. అయితే అక్కడ గమనించాల్సింది నాదెళ్లను ఒక్కరినే కాదు. వేల మంది ముందు సీఈఓను కాదనగల మనిషి పక్క కుర్చీలో ఉన్నారు. అలాంటి మనిషి పక్కన లేకపోతే ఎంత తెలివైనవాడికైనా తన తప్పు తెలియడానికి చాలా ఆలస్యమవుతుంది.

ఫోర్డ్ కంపెనీ ఉదంతం ఇంకా విచిత్రం. 2006లో బోయింగ్ నుంచి వచ్చి సీఈఓ అయిన అలన్ ములాలీ ప్రతి గురువారం సమీక్ష పెట్టేవారు. పని సాఫీగా ఉంటే చార్టులో ఆకుపచ్చ, అనుమానముంటే పసుపు, దెబ్బతింటే ఎరుపు. మొదట్లో వచ్చిన చార్టులన్నీ ఆకుపచ్చే. కంపెనీ మాత్రం ఆ ఏడాది 1,200 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయింది. ఇంత నష్టపోతుంటే ఒక్క సమస్యా లేదా అని ములాలీ అడిగారు. ఎవరూ పలకలేదు. చివరికి ఆ అధికారుల్లో ఒకరైన మార్క్ ఫీల్డ్స్ తన కొత్త కారు విడుదల ఆగిపోయిందంటూ ఎరుపు చూపించారు. ఇతని పని అయిపోయిందని గదిలో ఉన్నవాళ్లు అనుకున్నారు. ములాలీ చప్పట్లు కొట్టారు. దీనికి ఎవరు సాయం చేయగలరని అడిగారు. కొద్ది వారాల్లో చార్టులకు అసలు రంగులు వచ్చాయి. చప్పట్లే ఫోర్డ్‌ను బతికించాయనడం అతిశయోక్తి అవుతుంది. ఆ ఏడాది చివర్లో ఆస్తులు తాకట్టు పెట్టి తెచ్చుకున్న 2,300 కోట్ల డాలర్లకు పైగా అప్పు కూడా ఆదుకుంది. కానీ 2009లో జనరల్ మోటార్స్, క్రైస్లర్ దివాలాకు వెళ్లినప్పుడు ఫోర్డ్ ఆ బాట పట్టలేదు. 2014లో ములాలీ తర్వాత సీఈఓ కుర్చీలో కూర్చున్నది, ఎరుపు చూపించిన ఆ ఫీల్డ్సే.

ఆకుపచ్చ చార్టులు మన రెవెన్యూ కార్యాలయాలకూ ఆస్పత్రులకూ బళ్లకూ కొత్త కాదు. పైవాళ్ల వీడియో కాన్ఫరెన్సు మొదలయ్యే ముందు నూటికి నూరు శాతం లక్ష్యం చేరినట్టు అంకెలు ఎలా సర్దుకుంటాయో అందులో కూర్చున్నవాళ్లందరికీ తెలుసు. హార్వర్డ్‌లో పరిశోధన చేస్తున్న అమీ ఎడ్మండ్‌సన్‌కు 1990లలో ఆస్పత్రుల్లో ఒక వింత ఎదురైంది. మంచి బృందాలుగా పేరున్న వార్డుల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. ఆరా తీస్తే తేలిందేమిటంటే, ఆ వార్డుల్లో నర్సులు పొరపాటును చెప్పగలుగుతున్నారు, మిగతా చోట్ల దాచుకుంటున్నారు. తప్పులు తక్కువగా కనబడే ఆఫీసును చూసి మురిసిపోయే అధికారి ఈ సంగతి ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి.

చెప్పుకోలేని తప్పు ఎంత దూరం పోతుందో హైదరాబాద్‌కు వేరే చెప్పాలా? 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు లేఖ రాశారు. ఖాతాల్లో చూపిన నగదులో 5 వేల కోట్లకు పైగా అసలు లేనే లేదని అందులో ఒప్పుకున్నారు. నిజమైన లాభానికీ చూపిన లాభానికీ మధ్య చిన్న తేడాగా మొదలైనది ఏళ్లు గడిచేకొద్దీ చేయి దాటిపోయిందన్నది ఆయన చెప్పిన మాట. అంతకు కొన్ని నెలల ముందే కార్పొరేట్ పాలన బాగుందంటూ ఆ కంపెనీకి గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. తర్వాత వెనక్కి తీసుకున్నారు. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు రామలింగరాజును దోషిగా తేల్చి ఏడేళ్ల శిక్ష వేసింది. అప్పీలుపై మరుసటి నెలలో ఆ శిక్ష అమలు నిలిచిపోయి, బెయిల్ వచ్చింది. కోర్టు సంగతి అలా ఉంచితే, ఆఫీసులకు పాఠం ఆ తొలి చిన్న తేడాలో ఉంది. ‘ఈ మూడు నెలలు అనుకున్నంత లాభం రాలేదు’ అని ఆనాడే ఒప్పుకుని ఉంటే షేరు ధర పడేది, పరువు కొంత పోయేది. కంపెనీ మిగిలేది.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనదే. లోపల ఉన్నదంతా వెళ్లగక్కితే నాయకత్వం నిలుస్తుందా? ప్రొఫెసర్ హెర్మీనియా ఇబార్రా 2015లో రాసిన వ్యాసంలో ఒక మేనేజర్ కథ ఉంది. ఒక్కసారిగా పెద్ద బాధ్యత వచ్చిపడ్డాక ఆమె తన బృందంతో, ఈ పని చేయాలనుంది, కానీ భయంగా ఉంది, మీ సాయం కావాలని చెప్పుకున్నారు. ధైర్యం చెప్పే మనిషి కోసం చూస్తున్న బృందానికి ఆ మాట రుచించలేదు. ఆమె మీద నమ్మకం సడలింది. మన దగ్గరైతే ఆ బరువు ఆడవాళ్ల మీద ఇంకా ఎక్కువ. మగ అధికారి ‘నాకు తెలియదు’ అంటే నిగర్వి అంటారు. మహిళా అధికారి అదే అంటే పని రాదంటారు. కాబట్టి నిజాయితీ అంటే మనసులోని గుబులంతా బల్ల మీద పోయడమని అర్థం చెప్పుకోకూడదు. పనికి సంబంధించిన నిజాన్ని, అది తనకు వ్యతిరేకంగా ఉన్నా సరే, సమయానికి చెప్పడం వరకు చాలు.

తెలుగు ఆఫీసులకు ప్రత్యేకమైన అడ్డంకి ఒకటుంది. మన మాటలోనే మెట్లున్నాయి. సారు ‘నువ్వు’ అంటారు, కిందివాడు ‘మీరు’ అంటాడు. ఐటీ కంపెనీల్లో ఇంగ్లిష్‌లో సీఈఓను పేరు పెట్టి పిలిచే కుర్రాడే తెలుగులోకి దిగగానే ‘గారు’ అందుకుంటాడు. మర్యాదలో తప్పులేదు. కానీ ‘మీ నిర్ణయం సరైంది కాదండీ’ అనే వాక్యం ‘అంటే... సార్... మరి...’ దగ్గరే తడబడి ఆగిపోతుంది. ఆ తడబాటును పసిగట్టి ‘చెప్పండి, ఏమిటి సంగతి?’ అని అడగాల్సింది పై మెట్టు మీద ఉన్నవారే. కిందివాళ్లను ‘మీరు’ అనడంతో మొదలుపెట్టినా కొంత నయం.

మిగతావీ పెద్ద ఖర్చుతో కూడినవి కావు. సమావేశంలో అధికారి ఆఖర్న మాట్లాడాలి. ముందే అభిప్రాయం చెప్పేస్తే మిగతావాళ్లు తందానా అనడం తప్ప చేసేదేముంటుంది? ‘నా గురించి ఏమనుకుంటున్నారు?’ అని అడిగితే పొగడ్తే వస్తుంది. ‘ఈ నెలలో నావల్ల మీ పని ఎక్కడ ఆలస్యమైంది?’ అని అడిగితే ఒక ఫైలు పేరో ఒక తేదీయో బయటికొస్తుంది. చెడు వార్త విన్న తొలి పది సెకన్లలో ముఖం ఎలా మారిందో గది మొత్తం చూస్తుంది. ఆ తర్వాత ఎన్ని తీపి మాటలు చెప్పినా అందరికీ గుర్తుండేది ఆ ముఖమే.

వ్యక్తుల మంచితనానికే వదిలేస్తే ఇది జరిగే పని కాదు. మన ప్రభుత్వ కార్యాలయాల్లో ఉద్యోగి పనితీరు నివేదిక రాసేది పై అధికారే. ప్రైవేటు కంపెనీల్లోనూ చాలాచోట్ల ప్రమోషన్‌లో పైవాళ్ల మాటే చెల్లుతుంది. పదిమందిని నడిపే పదవి ఇచ్చే ముందు, ఇప్పటికే ఆ మనిషి కింద పనిచేసినవాళ్లను, పేర్లు బయటపెట్టకుండా, ఒక్క ప్రశ్న అడిగితే చాలు: ‘ఈయనకు చెడు వార్త చెప్పడానికి మీరు ఎప్పుడైనా భయపడ్డారా?’ ఆ జవాబులకు ప్రమోషన్ ఫైలులో చోటివ్వాలి.

అది అమలయ్యేదాకా పైస్థానాల్లో ఉన్నవాళ్లు చేయగలిగింది ఒకటుంది. వచ్చే సోమవారం జరిగే సమీక్షలో మొదటి ఎర్ర గడి పెద్దసారు చార్టులోనే కనబడాలి.