గృహిణీ గోష్ఠి: పుట తీర్చు విద్య



ఇంట ఆడపిల్ల సంగీతము నేర్చుకొనుచున్నచో దాని యభివృద్ధి పెద్దల చెవికే తెలియును. కుట్టుపని నేర్చుకొనుచున్నచో రవిక తొడిగి చూడవచ్చును. కాని కంప్యూటరు ముందు కూర్చుండి గ్రాఫిక్ డిజైన్, వెబ్ డిజైన్ అను విద్యల నభ్యసించు పిల్ల ముందునకు పోవుచున్నదో, నిలిచినచోటనే యున్నదో మనము కనుగొనుట యెట్లు? ఈ మాసమున ఈ సంగతిని మీతో ముచ్చటింపదలచితిని.

ఈ ప్రశ్న ఊరక పుట్టినది కాదు. మావారి మేనకోడలు బి.కాం. ముగించి మా పట్టణముననే యొక యేడాది శిక్షణలో చేరినది. ల్యాప్‌టాపు కొనుటకును, రుసుములో మొదటి వాయిదా కట్టుటకును మా వదినగారు తమ గాజులను బ్యాంకులో కుదువ పెట్టిరి. ఆరు నెలలు గడచి రెండవ వాయిదా వచ్చినది. అప్పుడామె నాతో, "పొద్దస్తమానము రంగులు మార్చుచు కూర్చుండునమ్మా. ఇది చదువో, ఆటయో నాకు బోధపడుట లేదు. చేతనున్న సొమ్ము అక్కడ కట్టుదునా, గాజులు విడిపించుకొందునా?" అనిరి. తెలియని విద్యను గూర్చి వెంటనే తీర్పు చెప్పుట తగదని తోచెను. నాలుగు సాయంకాలములు పిల్ల ప్రక్కన కూర్చుండి, మొదటి నెల పని మొదలుకొని వరుసగా చూపుమంటిని.

మొదటి నెలలో కంప్యూటరు పనియే లేదు. గళ్ళ కాగితమును, పెన్సిలును మాత్రమే. అడ్డముగా 32, నిలువుగా 32, మొత్తము 1024 గళ్ళలో కొన్నింటిని నింపి, ఒక వస్తువును చూపరులు గుర్తుపట్టునట్లు చేయవలెను. మా పిల్ల తులసికోటను ఎన్నుకొన్నది. మొదటి కాగితమున ఆకులన్నియు గీయబోగా అది ముళ్ళపొదవలె నున్నది. తొమ్మిదవ కాగితమున ఆకులు ఏడే. తులసికోట మాత్రము చక్కగా కనబడుచున్నది. ఇది పిల్లలాట యనుకొనరాదు. 1984లో అమెరికాయందు ఆపిల్ సంస్థ వెలువరించిన మాకింటోష్ కంప్యూటరునకు చిత్రసంకేతములు కల్పించిన సుసాన్ కేర్ అను వనిత ఇట్లే గళ్ళ కాగితముపై 32 గళ్ళ చదరములో పని చేసెను. ఆమె చిన్ననాట తల్లియొద్ద పోగులు లెక్కించి కుట్టు అల్లిక నేర్చుకొన్నది. చుక్కల లెక్క తప్పక ముగ్గు పెట్టు మన చేతులకు ఈ విద్య మొదలు పరాయిది కాదు.

తరువాతి రెండు నెలలు గ్రాఫిక్ డిజైన్. అక్షరములను, చిత్రములను, రంగులను, ఖాళీచోటును ఒక పుటలో పొందుగా అమర్చుటయే దాని పని. అభ్యాసమునకై గృహప్రవేశపు ఆహ్వానపత్రిక నిచ్చిరి. పిల్ల మొదట చేసిన దానిలో అయిదు తీరుల అక్షరములు, నాలుగు మూలల పూలతీగలు, నడుమ కలశము, వెనుక బంగారు మెరుపు. ముహూర్తమెప్పుడో వెదకి పట్టుకొనవలసి వచ్చెను. నాలుగవసారి చేసిన దానిలో అక్షరములు రెండు తీరులే, తిథియు, గడియయు, ఇంటి గుర్తును పెద్దవి, తీగ యొక్కటే, చుట్టును తెల్లని చోటు. "ఇంత చోటు వృథాగా విడిచితివేమమ్మా?" అంటిని. "వృథా కాదత్తయ్యా, చూపు కూర్చుండుటకు అరుగు" అని బదులు చెప్పెను. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరమునందలి క్షేమేంద్రుడు కావ్యమునకు ఔచిత్యమే ప్రాణమని యొక గ్రంథమునే రచించెను. నగ తగినచోట నున్ననే నగ. సంస్కృతము చదువని మా పిల్ల ఆ సంగతిని చేతితో నేర్చుకొన్నది.

నాలుగవ నెలలో వెబ్ డిజైన్ మొదలైనది. టిమ్ బర్నర్స్-లీ అనునాయన 1989లో స్విట్జర్లాండునందలి సెర్న్ పరిశోధనాలయమున ప్రతిపాదించిన ఈ వెబ్బులో పుటలను హెచ్.టి.ఎం.ఎల్. అను గుర్తులతో వ్రాయుదురు. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది చిత్రము అని ఆ గుర్తులు తెలుపును. రంగును, కొలతను, అమరికను తెలుపునది సి.ఎస్.ఎస్. అను మరియొకటి. దానిని హోకన్ వియుమ్ లీ అనునాయన 1994లో ప్రతిపాదింపగా 1996లో ప్రమాణముగా వెలువడినది. మొదటిది దేహము, రెండవది వస్త్రము. దేహము సరిగా నున్నచో వస్త్రమును ఎన్నిసార్లైనను మార్చుకొనవచ్చును.

తెలుగు పుటకు మరియొక చిక్కు కలదు. "స్త్రీ" అను అక్షరము మన కన్నులకు ఒక్కటే. 1991లో వచ్చిన తొలి యూనికోడ్ ప్రమాణమునుండియు మన లిపికి అందు స్థానమున్నది. ఆ లెక్కలో ఈ యొక్క అక్షరము ఆరు సంకేతములు: సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, గుడిదీర్ఘము. ఈ యారింటిని ఒక్క రూపముగా కూర్చునది ఫాంటు. పైన గుడులును, క్రింద వత్తులును గల మన లిపికి, ఆంగ్లమునకు చాలునంతటి ఎడము చాలదు. పిల్ల మొదటి తెలుగు పుటలో వరుసల ఎడము అక్షరపు కొలతకు 1.2 రెట్లే యుండుటచేత, పై వరుస వత్తులు క్రింది వరుస గుడులను ఢీకొనుచుండెను. 1.8 రెట్లు చేసిన పిదప చదువుటకు హాయిగా నుండెను.

అయిదవ నెలలో అసలైన పరీక్ష వచ్చినది. మా వీధిలో పచ్చళ్ళు పెట్టి అమ్ముకొనునామె తనకొక వెబ్ పుట చేసిపెట్టుమని యడిగినది. పిల్ల ఉత్సాహముతో చేసినది. ఫోనులో తెరచినంతనే మామిడికాయల ఫోటో తెరనంతయు నింపెను. ధరలును, ఫోను నంబరును ఎక్కడో అడుగున నుండెను. అక్షరములు తెల్లనిపై లేతపసుపు. ఆమె చూచి, "అందముగా నున్నదమ్మా. కాని నా కొనుగోలుదారులలో సగము మంది అరువది దాటినవారు. వారికిది కనబడదు" అన్నది. పిల్ల ముఖము చిన్నబోయినది. "ఆవిడకు డిజైన్ సంగతి యేమి తెలియును?" అని రెండు దినములు పని ముట్టలేదు.

మూడవ దినమున తానే పోయి, ఆ పచ్చళ్ళు కొను ఇద్దరు పెద్దమ్మల చేతికి ఫోను నిచ్చి, ఏమియు చెప్పక చూచుచు కూర్చున్నదట. ఒకరు ధర కనుగొనలేకపోయిరి. మరియొకరు ఫోటోయే పుటయంతయు ననుకొని ఫోను తిరిగి యిచ్చిరి. అప్పుడు గాని పిల్లకు తన పాఠములోని లెక్క అర్థము కాలేదు. అక్షరమునకును వెనుకటి రంగునకును గల తారతమ్యమును కొలుచుటకు ఒక నిష్పత్తి యున్నది. తెల్లనిపై నల్లనిది 21. సాధారణమైన అక్షరములకు 4.5కు తగ్గరాదని అంతర్జాతీయ ప్రమాణము. పిల్ల వాడిన పసుపు 2కైనను చేరలేదు. రంగు ముదురు చేసినది. ధరలను పైకి తెచ్చినది. చిన్న తెరకును పెద్ద తెరకును పుట తానే సర్దుకొనునట్లు వ్రాసినది. ఈ పద్ధతికి ఈథన్ మార్కాట్ అనునాయన 2010లో పేరు పెట్టెను. ఫోటో బరువు తగ్గించినది. చూపులేనివారికి ఫోను చదివి వినిపించుటకై ప్రతి చిత్రమునకును ఒక వాక్యము వ్రాసినది. ఆమె సంతోషించి 1500 రూపాయలు చేతిలో పెట్టినది.

ఆరు నెలల పనిని ప్రక్కప్రక్కన పెట్టి చూడగా నాకు తోచినదిది. ఈ విద్యలో ఎదుగుదల అనగా క్రొత్త హంగులు చేర్చుట కాదు; చూచువారి అవసరమును తన ముచ్చటకంటె ముందుంచుట. కావున మన ఇంటి పిల్లను మూడు సంగతులు అడుగవచ్చును. పాతదానినుండి క్రొత్తదానికి ఏమి మార్చితివి, ఏల మార్చితివి? దేనిని తీసివేసితివి? నీవు చేసినదానిని పరులు వాడుచుండగా చూచితివా? వీనికి తడుముకొనక బదులు చెప్పు పిల్ల చదువుకొనుచున్నదనియే అర్థము. బదులు లేక "బాగున్నది గదా" అని మాత్రమే అన్నచో ఇంకను ఆటలోనే యున్నది. వీనిని అడుగుటకు మనకు కంప్యూటరు రానక్కరలేదు.

"ఇప్పుడు యంత్రమే అడిగిన బొమ్మను గీసి యిచ్చుచున్నదట, ఈ చదువెందులకు?" అని మా వదినగారే యనిరి. నిజమే, కృత్రిమ మేధ క్షణములో పది బొమ్మలు చూపును. ఆ పదింటిలో పచ్చళ్ళామెకు పనికివచ్చునది ఏదో, అందలి తెలుగు వత్తు సరిగా పడినదో లేదో చెప్పుటకు ఔచిత్యము తెలిసిన మనిషి కావలెను. అయినను దీనివలన కొన్ని పనులు తగ్గునన్న భయము అకారణమని నేననను. ఉద్యోగము తప్పక వచ్చునని వదినగారికి మాట యియ్యలేదు. పిల్ల నేర్చుకొనుచున్నది, సగములో మాన్పింపవలదు అని మాత్రమే చెప్పితిని.

ఆమె రెండవ వాయిదా కట్టిరి. గాజులింకను బ్యాంకులోనే యున్నవి. వడ్డీ నడచుచునే యున్నది. పిల్ల తన 1500 రూపాయలను ఆ వడ్డీ క్రిందనే జమ కట్టినది.

అమ్మలారా, మీ యింట ఇట్టి విద్యార్థిని యున్నచో, దీనివలన ఎంత వచ్చునని యడుగుటకు ముందు ఒక పూట ప్రక్కన కూర్చుండి, "మొదట చేసినది చూపుమమ్మా, తరువాత నేటిది చూపుము" అనుడు. రెండింటి నడుమనున్న దూరము మీకే కనబడును.