కుళాయి ఆగిన గంటల్లో

మా చెల్లెలు గుజరాత్‌లోని బార్డోలీలో కాపురం పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. నేను వెళ్లినప్పుడల్లా ముందు గ్లాసుడు మంచినీళ్లిస్తుంది, ఆ వెంటనే పెన్ను లాంటి మీటరు అందులో ముంచి చూపిస్తుంది. "చూడన్నయ్యా, అరవై రెండు." టీడీఎస్ అన్నమాట. నేను ముప్పై ఏళ్లు నీటి పరీక్షల ల్యాబులో పనిచేశానని దానికి తెలుసు. అందుకే ఆ అంకె నాకు చూపించడంలో కాస్త గర్వం. ఈసారి నేను గ్లాసు పక్కన పెట్టి, సంప్ మూత తీయమన్నాను.

సంప్ పోర్టికో కింద, కారు ఆగే చోట ఉంది. సిమెంటు మూత ఒక మూల పగిలింది. రెండడుగుల అవతల సైడు కాలువ. మేస్త్రీని తప్పుపట్టి లాభం లేదు, మన ఊళ్లలోనూ చాలా ఇళ్లలో సంపూ కాలువా ఇరుగుపొరుగే. నీళ్లు మాత్రం అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి.

పొద్దున కుళాయి వచ్చిన పావుగంటకు గేటు దగ్గర పట్టిన నీళ్లలో క్లోరోస్కోప్ చుక్కలు వేస్తే లేత పసుపు తేలింది. క్లోరిన్ ఉంది. పంపినవాళ్లు తమ పని చేశారు. సంప్ నీళ్లలో అవే చుక్కలు వేస్తే ఏ రంగూ రాలేదు. ఆ నీళ్లు కొన్ని హెచ్‌టూఎస్ సీసాలో పోసి కిటికీ గూట్లో పెట్టాను. మర్నాటి సాయంత్రానికి డికాషన్‌లా నల్లబడ్డాయి. మలంతో పాటు వచ్చే బ్యాక్టీరియా ఉండవచ్చని ఆ నలుపుకు అర్థం. అది తుది తీర్పు కాదు, ఈ-కోలై ఉందో లేదో ల్యాబులోనే తేలాలి. కానీ ఆ సీసా చూశాక తేలేదాకా ఆగడం తెలివైన పని కాదు.

"తాగేది ఆర్వో ఫిల్టరు నీళ్లే కదా" అంది చెల్లెలు. నిజమే. మరి పళ్లు తోముకునేది? కొత్తిమీర కడిగేది? మనవరాలు స్నానం చేస్తూ దోసిట్లో పట్టి పుక్కిలించేది? అవన్నీ ఆ సంప్‌లోంచి ఎక్కిన నీళ్లే.

టీడీఎస్ మీటరు మోసం చేయదు, మనం అడిగిన ప్రశ్నే వేరు. నీళ్లలో విద్యుత్తు ఎంత సులువుగా పారుతోందో అది కొలుస్తుంది, దాన్నిబట్టి కరిగిన లవణాలను అంచనా వేసి చూపుతుంది. బకెట్ నీళ్లలో చెంచాడు మురుగు కలిపి చూడండి, అంకె దాదాపు కదలదు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ఈ రెంటినీ ఎలా చూసిందో గమనిస్తే చాలు. టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మేలు, వేరే నీళ్లు దొరకనిచోట 2000 దాకా సర్దుకోవచ్చు అంటుంది. ఈ-కోలై విషయంలో అలాంటి బేరమేమీ లేదు. 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా కనబడకూడదు.

మరి ఇంటింటా ఆ మీటరు ఎందుకు పాతుకుపోయింది? అమ్మేవాళ్లకు అది సులువైన సాక్షి కాబట్టి. ఇంకో గారడీ కూడా మీరు చూసే ఉంటారు. రెండు గ్లాసులు పెడతారు, ఒకదాంట్లో కుళాయి నీళ్లు, ఒకదాంట్లో ఫిల్టరు నీళ్లు. ప్లగ్గుకు తగిలించిన లోహపు కడ్డీలు ముంచుతారు. కుళాయి నీళ్లు నిమిషంలో తుప్పురంగు పాకంలా మారతాయి, ఇంటివాళ్ల ముఖాలు మారతాయి. ఆ తుప్పు నీళ్లలోది కాదు, కడ్డీలోని ఇనుముది. లవణాలున్న నీళ్లలో కరెంటు పారి ఇనుము కరుగుతుంది. ఫిల్టరు నీళ్లలో లవణాలు బాగా తక్కువ కాబట్టి కరెంటూ పెద్దగా పారదు, తుప్పూ అంతగా రాదు. పదో తరగతి పిల్లవాడు చేయగల ప్రయోగంతో వేల రూపాయల యంత్రం గోడకెక్కుతుంది. టీడీఎస్ 500 కన్నా తక్కువున్నచోట ఆర్వోలను నిషేధించాలని 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ చెప్పింది కూడా. ఎవరు విన్నారు?

అసలు భయపడాల్సిన చోటు గోడమీద లేదు, నేల కింద ఉంది. కర్ణాటకలోని హుబ్బళ్లి-ధార్వాడలో కొన్ని వార్డులకు రోజంతా నీళ్లిచ్చారు, మిగతా వార్డులకు మామూలుగా కొన్ని రోజులకోసారి వదిలారు. ఊరు ఒకటే, శుద్ధి చేసే కేంద్రాలూ అవే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఎమిలీ కంపెల్, కారా నెల్సన్ ఈ రెండు రకాల కుళాయిలనూ పోల్చి 2013లో ప్రచురించారు. ఆగి ఆగి వచ్చే కుళాయిల నమూనాల్లో 31.7 శాతంలో ఈ-కోలై కనిపించింది. ఆగకుండా వచ్చేవాటిలో 0.7 శాతం. నా ఉద్యోగమంతటిలో ఇంత సూటిగా మాట్లాడిన అంకెలు నేను ఎక్కువ చూడలేదు. అదే ఊరిమీద తర్వాత ప్రచురించిన మరో అధ్యయనంలో పిల్లల్లో మొత్తం విరేచనాలు పెద్దగా తగ్గలేదు. అది దాచకుండా చెప్పాలి. పేద కుటుంబాల పిల్లల్లో రక్త విరేచనాలు, మొత్తం ఇళ్లలో టైఫాయిడ్ మాత్రం తగ్గాయి.

కారణం తెలిస్తే నిద్ర పట్టదు. గొట్టం నిండా నీళ్లుండి ఒత్తిడితో ఉన్నప్పుడు, చిన్న చిల్లి ఉంటే నీళ్లు బయటికి కారతాయి. కుళాయి ఆగాక గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు అదే చిల్లి చుట్టూ ఉన్న తడిని లోపలికి పీలుస్తుంది. ధార ఎక్కువ రావాలని నేరుగా కుళాయి గొట్టానికే మోటారు బిగించినవాళ్లు వీధంతటికీ ఆ పీల్పు పెంచుతారు. మర్నాడు మొదటి ధారలో వచ్చేది రాత్రంతా చేరినదే.

ఇప్పుడు బార్డోలీ నేలను చూడండి. మిండోళా నది ఒడ్డున నల్లరేగడి, ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బే మట్టి. ఆ కదలికకు గొట్టాల అతుకులు ఊడతాయి. తాపీ నది మీద కాక్రాపార్ ఆనకట్ట, 1972లో పూర్తయిన ఉకాయ్ డ్యామ్ వచ్చాక కాలువ నీళ్లు పారి చెరకు పెరిగింది, చక్కెర మిల్లు వెలిగింది. వాటితోపాటే ఆ ఆయకట్టులో చాలాచోట్ల భూగర్భజలం పైపైకి వచ్చి నేల నీరుపట్టింది. తడినేలలో గొట్టం, దాని పక్కనే మురుగు. పీల్చడానికి దూరం పోనక్కర్లేదు.

మా గుంటూరు నేలా నల్లదే. 1922 ఫిబ్రవరిలో బార్డోలీలో కాంగ్రెస్ చేసిన తీర్మానంతో పెదనందిపాడు పన్నుల నిరాకరణ ఆగిపోయిన కథ మా ఇంట్లో పెద్దవాళ్లు చెప్పుకునేవారు. బార్డోలీనీ గుంటూరునూ నేను ఇప్పుడు కలుపుతున్నది వేరే దారిలో. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట వైపు తాగునీళ్లలో మురుగు కలిసి, డయేరియాతో పది మందికి పైగా పోయారు. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లోనూ అంతే. ఈ రెండుచోట్లా ఎవరి ఇంట్లోనూ టీడీఎస్ మీటరు ముందుగా హెచ్చరించి ఉండదు.

పైరుపొలాల మధ్య ఊళ్లకు కెనడాలోని వాకర్టన్ కథ చెప్పాలి. అయిదు వేల జనాభా. 2000 మేలో భారీ వాన పశువుల పేడను లోతు తక్కువున్న బావిలోకి తోసింది. ఏడుగురు చనిపోయారు, 2300 మంది జబ్బుపడ్డారు. విచారణలో తేలిందేమిటంటే, అక్కడి సిబ్బంది కొలవకుండానే క్లోరిన్ 0.5, 0.75 అని రోజూ పుస్తకంలో రాసుకుంటూ పోయారు. అంత చిన్న ఊళ్లో, అంత డబ్బున్న దేశంలో.

ఇంతా చెప్పి ఆర్వోకు ఒక మాట బాకీ ఉంచలేను. బోరు నీళ్లు తాగే ఇళ్లకు ఇంకో చిక్కుంది. చెరకుకు వేసిన యూరియా నైట్రేటుగా దిగి భూగర్భజలంలో కలుస్తుంది. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే, ఆ నీళ్లతో కలిపిన పాలు తాగే పసిపిల్లలకు ప్రమాదం. కాచితే పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. అక్కడ ఆర్వో పనికొస్తుంది. ముందు ల్యాబులో నైట్రేటు పరీక్ష చేయించి కొంటే అది వైద్యం, చేయించకుండా కొంటే అలంకారం.

చెల్లెలి ఇంట్లో చేసినవి చెబుతాను. పగిలిన మూత మార్చి, అంచు చుట్టూ నాలుగంగుళాలు ఎత్తు కట్టించాం. సంప్ కడగడానికి మనిషిని దింపేముందు మూత తీసి చాలాసేపు గాలి ఆడనిచ్చాం, మోటారు ప్లగ్గు ఊడదీశాం. పైన ఒకరు తాడు పట్టుకుని కదలకుండా ఉన్నారు. మూసి ఉన్న గుంటలో ఊపిరాడక, తడిలో వైరు తగిలి పోయేవాళ్లు ఏటా ఉంటారు. నీళ్ల జబ్బు కన్నా అది వేగం. కడిగి నింపాక వెయ్యి లీటర్లకు 200 గ్రాముల చొప్పున బ్లీచింగ్ పౌడరు కలిపి, రాత్రంతా ఉంచి పారబోశాం. బాత్రూం యాసిడ్ ఆ దరిదాపుల్లో లేకుండా చూశాను, రెండూ కలిస్తే విషవాయువే. ఇక రోజూ వెయ్యి లీటర్లకు నాలుగైదు గ్రాములు, అరగంట ఆగి వాడకం. మీటరు పక్కన ఇప్పుడు క్లోరోస్కోప్ చేరింది. లీటరుకు 0.2 మిల్లీగ్రాముల పసుపు చూశాకే మా చెల్లెలు పొయ్యి వెలిగిస్తుంది.

బయల్దేరే రోజు అది అడిగింది, "అన్నయ్యా, మరి పక్కింటి సంప్?" ప్రహరీగోడ ఒకటే, సంపులు రెండూ గోడకు చెరోవైపు. ఆ ఇంటివాళ్లు లండన్‌లో ఉంటారు. బార్డోలీలో అలాంటి తాళం వేసిన పెద్ద ఇళ్లు చాలా ఉన్నాయి, శీతాకాలంలో పెళ్లిళ్లకు తెరుచుకుంటాయి. పోయిన ఫిబ్రవరిలో నింపిన నీళ్లు అలాగే ఉన్నాయట. డిసెంబరులో పిల్లలతో దిగుతారు. తాళంచెవి మా చెల్లెలి దగ్గరే ఉంటుంది.

ఇద్దరం వెళ్లి మూత జరిపాం. టార్చి వేయకముందే వాసన వచ్చింది.